గుమ్మం పని గుమ్మం దాకానే

మా ఆయనతో వచ్చిన చిక్కల్లా ఆయన తలుపు తీయకపోవడమే. బెల్లు మోగితే లేస్తారు, తలుపు దాకా వెళ్తారు, కన్నంలోంచి చూస్తారు, గొలుసు తగిలిస్తారు, అప్పుడు ఎవరు అంటారు. అవతల మనిషి గ్యాస్ అంటాడు. ఏ గ్యాస్ అని ఈయన అడుగుతారు. భుజం మీద ఎర్ర సిలిండరు పెట్టుకుని, మూడంతస్తులు ఎక్కి, చెమటలు కక్కుతూ నిలబడ్డవాడు దానికి ఏం జవాబు చెప్పాలో నాకిప్పటికీ తెలీదు. బుకింగ్ నెంబరు, ఏజెన్సీ పేరు, ఎవరి పేరు మీద కనెక్షను ఉందో అదీ చెప్పించుకుని గానీ గొలుసు తీయరు. ఒకసారి సొంత తమ్ముడు అభిరామ్‌ని నాలుగు నిమిషాలు బయట నిలబెట్టారు. నా పెళ్ళిచూపుల్లో కూడా నన్నిన్ని ప్రశ్నలు వేయలేదు వదినా అన్నాడు పాపం, లోపలికొచ్చి మంచినీళ్ళు తాగుతూ.

ఇలాంటి మనిషికి దేవుడు వెతికి వెతికి ఇలాంటి పనే ఇచ్చాడు. మా ఆయన పేరు కామరాజు. వారానికి ఐదు రోజులు ఏదో కంపెనీలో ప్రోగ్రాములు రాస్తారు. ఆదివారం మాత్రం మా అల్వాల్ ఫ్లాటులో, భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తన సొంత సృష్టి ఒకటి పెంచుకుంటారు. దాని పేరు గుమ్మం. అదొక లైబ్రరీ. అంటే, ప్రోగ్రాములు రాసేవాళ్ళు అన్నీ మొదట్నుంచీ తామే రాసుకోకుండా ఇంకొకరు రాసిపెట్టిన ముక్క తెచ్చి తగిలించుకుంటారు, ఆ ముక్క. మనం అల్లం వెల్లుల్లి ముద్ద సీసా కొనుక్కున్నట్టు. దీన్ని ఆయన ఉచితంగానే ఇస్తారు, చాలామందే వాడుతున్నారట.

గుమ్మం చేసేది వెబ్ అడ్రసుల తనిఖీ. మీరు ఫోన్లో ఎవరికైనా లింకు పంపితే దాని కింద చిన్న బొమ్మ, ఒక శీర్షిక వస్తాయి కదా. అవి ఊరికే రావు. ఆ చాట్ కంపెనీ వాళ్ళ కంప్యూటరు మీరిచ్చిన అడ్రసుకి స్వయంగా వెళ్ళి, చూసి, పట్టుకొస్తుంది. ఎవరే అడ్రసు ఇచ్చినా వెళ్ళడమే దానికి తెలుసు. ఎవడో తుంటరి దానికి దాని ఆఫీసులోనే ఉన్న లోపలి గది అడ్రసు ఇచ్చాడనుకోండి, పాస్‌వర్డులూ అవీ దాచుకునే గది. బయటివాడు ఆ గదిలోకి రాలేడు. ఇది ఇంటి మనిషి కాబట్టి చక్కగా వెళ్ళి, అక్కడున్నది తెచ్చి, ఆ తుంటరికే చూపిస్తుంది. అందుకని అది బయల్దేరే ముందు గుమ్మాన్ని అడగాలి, ఈ అడ్రసుకి వెళ్ళనా అని. గుమ్మం ఆ అడ్రసుని మా ఆయన గ్యాసతన్ని చూసినట్టు చూస్తుంది.

ఇదంతా నాకెవరూ పాఠం చెప్పలేదు. నేను రాజమండ్రిలో బీయస్సీ లెక్కలు చదివాను గానీ, ఈ చదువు మాత్రం వడ్డిస్తూ వచ్చింది. మా అమ్మాయి యోగిత ఇంజనీరింగు రెండో ఏడులో ఉండగా వాళ్ళ నాన్న దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని గుమ్మం మీదే పని నేర్పారు. ఇప్పుడది వేరే కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. అయినా ఆరేళ్ళుగా ఆదివారం ఆదివారం బల్లకి అటొకరు ఇటొకరు, రెండు లాప్‌టాపులు, మధ్యలో ఖాళీ దొరికితే నా పప్పుగిన్నె. గుమ్మం పేజీలో రాసినవాళ్ళు అన్నచోట ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఉంటాయి. ఆ పేజీని ఫొటో తీసి మా ఆయన తన ఫోనుకి వాల్‌పేపరుగా పెట్టుకున్నారు. పెళ్ళి ఫొటో పెట్టుకున్నప్పుడు కూడా మూడు నెలల్లో తీసేశారు.

మూడు వారాల కిందట ఆ బల్ల దగ్గర గొడవ మొదలైంది.

యోగిత ఒక లోపం పట్టుకుంది. అడ్రసు మంచిదే, బయటిదే, గుమ్మం చూసి వెళ్ళమంది. కంప్యూటరు వెళ్ళింది. తీరా వెళితే అక్కడ ఒక చీటీ ఉంటుంది, మేము ఇల్లు మారాము, ఫలానా అడ్రసుకి రండి అని. ఆ ఫలానా అడ్రసు వీళ్ళ లోపలి గదిదే. కంప్యూటరు బుద్ధిగా అటు వెళ్తుంది. గుమ్మాన్ని రెండోసారి ఎవరూ అడగరు. అందుకని యోగిత మార్పు ఒకటి రాసింది. చీటీ కనపడ్డప్పుడల్లా కొత్త అడ్రసుని మళ్ళీ మొదట్నుంచీ పరీక్షించాలి, పరీక్షించిన చోటికే వెళ్ళాలి. ఆ మార్పుతో పాటు ఎందుకు చేసిందో వివరంగా రాసి వాళ్ళ నాన్నకి పంపింది. ఆయన వద్దన్నారు.

"గుమ్మం పని గుమ్మం దాకానే యోగీ. దాటి వెళ్ళాక ఎటు మలుపు తిరుగుతారో వాడుకునేవాళ్ళు చూసుకోవాలి. అది నేను మాన్యువల్లో నలభై ఒకటో పేజీలో రాశాను కూడా."

నలభై ఒకటో పేజీ చదివే మనిషి ఉంటే అతనికి లైబ్రరీ అవసరమే ఉండదు నాన్నా అంది యోగిత. అలా రెండు ఆదివారాలు నడిచింది. కఠినం చేస్తే పాతవాళ్ళ ప్రోగ్రాములు ఆగిపోతాయంటారాయన. ఆగిపోవని, నేను రాసింది చూడమని అది. చూశానంటారాయన. ప్రెషర్ కుక్కరుతో వచ్చిన పుస్తకంలో కూడా అన్నీ రాసే ఉంటాయని, అయినా మూతకి సేఫ్టీ వాల్వు పెట్టే అమ్ముతారని నేనూ ఒక మాట వేశాను. ఇద్దరూ ఒక్కసారే నా వైపు చూసి, మళ్ళీ వాళ్ళలో వాళ్ళు పడ్డారు.

మూడో వారం, శుక్రవారం టిఫిను దగ్గర యోగిత చెప్పింది. ఆదివారం సాయంత్రం ఐదింటికి గుమ్మం కొత్త వెర్షన్ బయటికి వెళ్తోంది. అందులో నా మార్పు లేకపోతే నా పేరు తీసెయ్యండి, నా మనసుకి ఒప్పనిదాని కింద సంతకం పెట్టలేను, ఆదివారాలు నేనింకేదైనా పని చూసుకుంటాను అంది. మెల్లిగా అంది. మా ఇంట్లో అరిస్తే అది చర్చ. మెల్లిగా అంటే అయిపోయినట్టే. మా ఆయన పెసరట్టు వంకే చూస్తూ, సరే నీ ఇష్టం అన్నారు. ఆయనా మెల్లిగానే అన్నారు.

శనివారమంతా ఇంట్లో ఎంత మర్యాదంటే, ఉప్పు అందుకోవడానికి కూడా థాంక్స్ చెప్పుకున్నారు.

ఆదివారం పొద్దున్న పక్కింటి ప్రిసిల్లాగారితో మోండా మార్కెట్‌కి వెళ్ళాను. ఆవిడది మూడొందల రెండు, మాది మూడొందల నాలుగు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో ముప్పయ్యేళ్ళు కూర్చుని రిటైరయ్యారు. ఎవరు ఏ కథ చెప్పినా ఆవిడ ముఖంలో ఒక్క గీత కదలదు. పొద్దున్న మొదటి ఆరాధనకి వెళ్ళొచ్చి, ఆ చీరలోనే వంకాయలు బేరమాడుతున్నారు. నేను ఆటోలో దారి పొడుగునా గుమ్మం పురాణం చెప్పాను. ఆవిడ అంతా విని, అంటే మీవాళ్ళకి గేటు ఒక్కటే ఉంది, బండెక్కాక టీసీ లేడు అన్నారు. ఆరేళ్ళలో ఆ బల్ల దగ్గర ఇంత తక్కువ మాటల్లో ఎవరూ చెప్పలేదు.

మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఆటో దిగేసరికి వాచ్‌మన్ భార్య బాలమ్మ ఎవరో పార్శిల్ అతన్ని ఆపి ఏ ఫ్లాటు అని అడుగుతోంది. గేటు చూసేది నిజానికి ఆవిడే. అతను నెంబరు చెప్పాడు. బాలమ్మ ఇంటర్‌కమ్‌లో ఆ ఇంటికి ఫోన్ చేసింది, సరేనన్నారు, రిజిస్టరులో రాసుకుంది, లోపలికి వదిలింది. అతను మెట్ల వైపు వెళ్ళాడు. బాలమ్మ పల్లీలు వొలుచుకోవడంలో పడింది. నేను వంకాయల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ప్రిసిల్లాగారు నా ముఖం చూశారు.

"కల్పలతా, నువ్వేదో తప్పుడు పని ఆలోచిస్తున్నావు," అన్నారు. "ఆదివారం పూట నేను అబద్ధం ఆడను. అదొక్కటి కాకుండా ఇంకేదైనా చెప్పు."

నా ఆలోచన ఇది. మా వెనక వీధిలో తిరుమల్ అని కాలనీ సంఘం కార్యదర్శి ఉన్నాడు. మంచివాడు. కాలనీకి ఒక వెబ్‌సైటు చేసిపెట్టమని మా ఆయన వెంట ఏడాదిగా పడుతున్నాడు, నీకెంతసేపన్నా, గంట పని అంటూ. ఆ గంట పని మాట వినపడితే మా ఆయనకి బీపీ పెరుగుతుంది. అందుకని నెల కిందట బాలమ్మకి గట్టిగా చెప్పారు, తిరుమల్ వచ్చి మూడొందల నాలుగు అంటే వదలొద్దని. బాలమ్మ నిజంగానే వదలలేదు. అతను వచ్చిన మూడుసార్లూ వెనక్కి పంపింది. దాంతో మా ఆయనకి ఎంత ధైర్యం వచ్చిందంటే, ఆదివారాలు తలుపు బార్లా తీసి పెట్టేస్తున్నారు. గేటు దగ్గరే ఆపుతున్నాక గొలుసెందుకు లతా, రెండు లాప్‌టాపుల వేడి, కాస్త గాలి రానీ అంటారు. గ్యాసతన్ని ఏ గ్యాస్ అని అడిగిన మనిషి.

మెట్లెక్కేలోపు తిరుమల్‌కి ఫోన్ చేశాను. నాలుగున్నరకి రమ్మన్నాను. గేటు దగ్గర మూడొందల రెండు అని చెప్పమన్నాను. అబద్ధం కాదు, అతను నిజంగానే ముందు అక్కడికే వెళ్తాడు. మీ ఇల్లు మూడొందల నాలుగు గద వదినా అన్నాడు. ముందు ప్రిసిల్లా ఆంటీని కలిస్తే ఆవిడ దారి చెప్తారన్నాను. దారి నాకెర్కే గద అన్నాడు. వెబ్‌సైటు కావాలా వద్దా అన్నాను. అంతే, ఇంకో ప్రశ్న లేదు.

నాలుగున్నరకి మా బల్ల దగ్గర ఇలా ఉంది. మా ఆయన అన్నీ సిద్ధం చేసుకుని, నొక్కాల్సిన బటను మీద బాణం గుర్తు పెట్టుకుని, ఐదు కోసం చూస్తున్నారు. యోగిత ఎదురుగా కూర్చుంది. తన పేరు తీసేయడానికి ఏ పేజీ మార్చాలో అది తెరిచి పెట్టుకుంది. మధ్యలో మిక్చరు గిన్నె. ఇద్దరూ వంతులవారీగా, చేతులు తగలకుండా తింటున్నారు. నేను టీ పెడుతున్నాను. నా చెవులు మాత్రం వరండాలో ఉన్నాయి. ప్రిసిల్లాగారి తలుపు తెరుచుకున్న చప్పుడు, మీ పని పక్కింట్లో కదా, అటు వెళ్ళండి అన్న మాట, చెప్పుల టపటపలు.

"ఏందన్నా, జెర సుత దొరుకవైతివి," అంటూ తిరుమల్ లోపలికి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. చంకలో చుట్టిన చార్టు కాగితం. విప్పితే అందులో కాలనీ వెబ్‌సైటు రంగుల్లో గీసి ఉంది. కార్యవర్గ సభ్యుల ఫొటోలు పూలదండలో పూలలా గుండ్రంగా తిరగాలట. మధ్యలో తను.

మా ఆయన కళ్ళు గేటు వైపు వెళ్ళాయి. అంటే గోడ వైపు. గోడకి అటుపక్క, మూడంతస్తుల కింద గేటుంది. ఇంటర్‌కమ్ ఎత్తి, బాలమ్మా, రిజిస్టరు పట్టుకుని ఒకసారి పైకి రా అన్నారు. నేను టీ పొంగకుండా మంట తగ్గించాను. ఈ టీ పొంగితే నవ్వుతూ పొంగేట్టుంది.

బాలమ్మ వచ్చింది. వెనకాలే ప్రిసిల్లాగారు కూడా వచ్చి, గిన్నె ఇచ్చిపోదామని వచ్చినట్టు ఒక ఖాళీ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. మా ఆయన తిరుమల్‌కి కష్టం కలగకుండా, చాలా సౌమ్యంగా, ఈయన లోపలికెలా వచ్చారు బాలమ్మా అన్నారు.

"నేనడిగిన సారూ. ఏ ఫ్లాటన్న. మూడొందల రెండన్నడు. ఫోన్ జేసిన. ప్రిసిల్లమ్మ పంపియ్యమన్నది. గిదో, రాసుకున్న."

"మూడొందల రెండుకే కదా వదిలావు. మరి అక్కణ్ణించి ఇక్కడికి వచ్చేశాడుగా?"

"గేటు కాడ అడుగుడు నా పని సారూ. గేటు దాటినంక ఎటు మల్గుతరో నాకేమెర్క? ఎవరింటికొస్తే వాళ్ళు సూస్కోవాలె."

"అలా అంటే ఎలా బాలమ్మా! మొదటిసారి అడిగి వదిలేస్తే అడిగినట్టేనా? మనిషి ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ మళ్ళీ అడగాలి, ప్రతి గుమ్మం దగ్గరా, మొదట్నుంచీ, అసలు ఎవరు ఎక్కడికి..."

ఆగిపోయారు.

మిక్చరు గిన్నెలో యోగిత చెయ్యి ఆగిపోయింది. బాలమ్మ మిగతా తిట్లు వస్తాయని ఓపిగ్గా చూస్తోంది. ప్రిసిల్లాగారి ముఖంలో గీత కదల్లేదు గానీ చేతిలో గిన్నె వణుకుతోంది. తిరుమల్ ఒక్కడే మిక్చరు అందుకుని, బాగుంది వదినా, తిరుమలగిరి దాకా పోయి తెస్తరా అన్నాడు.

మా ఆయన అంత తొందరగా ఒప్పుకునే రకం కాదు. అపార్ట్‌మెంటు వేరు, ప్రోగ్రాము వేరు అన్నారు. మనుషులకి కాళ్ళుంటాయన్నారు. యోగిత మిక్చరు చేతులు దులుపుకుంది. టకటకా ఏదో కొట్టి, లాప్‌టాపు ఆయన వైపు తిప్పింది. వెళ్ళకూడని లోపలి గది ఒకటి పెట్టి, అందులో ఒక కాగితం మీద ఒక్క ముక్క రాసింది. బయట ఇంకో పేజీ పెట్టి, అందులో ఇల్లు మారాము అన్న చీటీ పెట్టింది. ఆ బయటి పేజీ అడ్రసుని, మా ఆయన ఐదింటికి విడుదల చేయబోతున్న గుమ్మానికి ఇచ్చింది. గుమ్మం దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వెళ్ళొచ్చంది. రెండు క్షణాలు. లింకు కింద శీర్షిక పెద్ద అక్షరాల్లో వచ్చింది: తిరుమల్ అంకుల్ సోఫాలో ఉన్నారు.

ముందు నవ్వింది బాలమ్మే, తెర మీద ఏముందో చదవకపోయినా, మా ముఖాలు చూసి. తర్వాత ప్రిసిల్లాగారు గిన్నె కింద పెట్టేసి గోడకి ఆనుకున్నారు. నేను స్టవ్ ఆపి కొంగు నోట్లో కుక్కుకున్నాను. తిరుమల్ లేచి వచ్చి తెర మీద తన పేరు చూసుకుని, చార్టు గుండెకి హత్తుకున్నాడు.

"అరే అన్నా, షురూ చేసేసినవా! గంట గూడ వట్టలే."

ఇప్పుడు నా మార్పుతో చూడండి అని యోగిత మళ్ళీ కొట్టింది. ఈసారి మొదటి అడ్రసు దాటింది, చీటీ దగ్గర గుమ్మం మళ్ళీ లేచి నిలబడింది, లోపలి గది అని గుర్తుపట్టింది, ఎర్రగా ఒక గీత పడింది. తిరుమల్ చిన్నబోయాడు. నన్నెందుకు ఆపింది బిడ్డా అన్నాడు. నేను వెళ్ళి అతని చేతిలో టీ పెట్టి, మిమ్మల్ని కాదు తమ్ముడూ అన్నాను. అతనికి నమ్మకం కుదిరినట్టు లేదు.

టైము నాలుగూ యాభై. మా ఆయన గొంతు సవరించుకుని, సరే, అయినా పాతవాళ్ళ ప్రోగ్రాములు ఆగిపోతాయి కదా, చీటీలు నమ్ముకుని బతికేవాళ్ళు నిజంగానే కొందరున్నారు, వాళ్ళ సంగతేంటి అన్నారు. ఇది మంచి ప్రశ్నే, నాకూ తెలుసు. యోగిత లాప్‌టాపు మళ్ళీ తన వైపు తిప్పుకుంది. మూడు వారాల కిందట పంపిన వివరణ తెరిచి ఆయన ముందు పెట్టింది. మీరు చూశానన్నారు కదా నాన్నా అంది.

ఆయన చదవడం మొదలుపెట్టారు. మొదటి పేరా దగ్గర కళ్ళద్దాలు సర్దుకున్నారు. రెండో పేరాకి కుర్చీ ముందుకి జరుపుకున్నారు. మూడో పేరాలో ఆ ప్రశ్నకి జవాబు ఉంది. ఏమీ చెప్పకపోతే ప్రతి మలుపులోనూ తనిఖీ ఉంటుంది. వద్దనుకునేవాళ్ళు తామే చేత్తో ఒక స్విచ్చి వేసుకోవచ్చు. ఆ స్విచ్చికి యోగిత పెట్టిన పేరు మా ఆయన పైకి చదివారు, ఊపిరి తిప్పుకోవడానికి మధ్యలో ఒకసారి ఆగి. నాకు ప్రమాదమని తెలిసినా దారిలో ఎవరేం చెప్పినా నమ్మి వెళ్తాను, అనే అర్థం వచ్చేట్టు ఉంది ఆ పేరు. అంత పేరు టైపు చేసేలోపు ఎవరికైనా సిగ్గేస్తుంది. మా ఆయన పెదవి చివర కదిలింది. ఇంకా కిందకి వెళ్ళారు. చివర్లో, ఈ మార్పుకి యోగిత రాసిన పరీక్షలు పన్నెండు. అందులో తొమ్మిది, అది రెండో ఏడులో ఉండగా ఆయన నేర్పిన పద్ధతిలోనే, ఆయనకి అలవాటైన పేర్లతోనే ఉన్నాయి. వాటిని వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకున్నారు. ఆయన అక్కడిదాకా ఇంతకుముందు రాలేదని చూస్తున్న అందరికీ తెలిసిపోయింది, తిరుమల్‌తో సహా.

తర్వాత చాలా మామూలుగా, దగ్గొచ్చినట్టు ఒక చిన్న శబ్దం చేసి, యోగిత మార్పుని గుమ్మంలో కలిపేసే బటను నొక్కారు. నొక్కి, టీ చల్లారిపోతోంది లతా అన్నారు. అక్కడితో అయిపోతుందనుకున్నారు. యోగిత తన పేరు తీసేసే పేజీ ఇంకా మూయలేదు. దాని వేలు దాని మీదే ఉంది. మార్పు వెళ్తే చాలా, చదవకుండానే చదివానన్న మనిషి పక్కన వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చోవాలా అన్నది అది అడగలేదు గానీ, ఆ వేలు అడుగుతోంది.

మా ఆయన నా వైపు చూశారు. నేను బాలమ్మకి టీ పోస్తున్నాను. ప్రిసిల్లాగారి వైపు చూశారు. ఆవిడ ముప్పయ్యేళ్ళు వెయిటింగ్ లిస్టు వాళ్ళని చూసిన చూపే చూశారు. గోడ మీద గడియారం ఐదుకి రెండు నిమిషాలు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"యోగీ. నువ్వు రాసింది నేను సగం కూడా చదవలేదు. చదవకుండానే చదివానన్నాను, వద్దన్నాను. ఒకసారి అడిగి వదిలేస్తే చాలదు, నువ్వు చెప్పిందే సరి. తప్పు నాది." టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ బాలమ్మ వైపు తిరిగారు. "బాలమ్మా, నీదేం లేదు. నాదే."

యోగిత ఆ పేజీ మూసేసి, మిక్చరు గిన్నె ఆయన వైపు జరిపింది.